ఎత్తు మీద ఉస్సురనేది

ఆ ఎత్తురోడ్డు చివర, మలుపులో, ఖాళీ ఇల్లొకటి ఉంది. గేటుకి ఎప్పుడూ తాళం. రాత్రిపూట అటువైపు ఎవరూ పోరు. గేటు ముందు తెల్లటిదేదో లేస్తుందనీ, నిట్టూరుస్తుందనీ, కాసేపటికి మాయమైపోతుందనీ చూసినవాళ్ళ మాట. చూడనివాళ్ళు ఇంకో నాలుగు కలిపి చెబుతారు.

నేను చెప్పేది మా అక్క చెప్పింది. బావ కూడా చెప్పాడు గానీ, ఆయన కథలో దెయ్యం ఎక్కువ, ఆయన తక్కువ.

బావకి వాళ్ళ నాన్న వదిలిపోయిన పాత కారొకటి ఉంది. బావకంటే పదేళ్ళు పెద్దది. మెకానిక్‌ని దాని మీద చెయ్యి వెయ్యనివ్వడు. "మా నాన్న కారు, నాకు తెలీదా?" అంటాడు. ప్రతి శనివారం రాత్రి రోడ్లు ఖాళీ అయ్యాక ఓ చుట్టు తిప్పుతాడు. రెండేళ్ళుగా ఆ కారు ఊరంతా బుద్ధిగా తిరిగి, సరిగ్గా ఆ ఇంటి ముందుకొచ్చేసరికి సెగలు కక్కి ఆగిపోతోంది. బానెట్ ఎత్తి చూస్తే... అన్నీ బాగానే ఉంటాయి! రేడియేటర్ కింది గొట్టం మూడుసార్లు మార్చాడు. క్లిప్పులు బిగించాడు. ఆఖరికి ఓ నోటుబుక్కు కొని, దెయ్యం ఏ వారం ఎన్నింటికి ఆపిందో రాయడం మొదలుపెట్టాడు.

దాంతో అక్కకి ఓపిక నశించింది.

"ఈ శనివారం నేనూ వస్తా. ఆ ఎత్తు దాటిందా, సరే. ఆగిందా... పొద్దున్నే తుక్కు కొనేవాడొస్తాడు. రమ్మని చెప్పేశాను."

బావ ఆ రోజు భోజనం దగ్గర కూర్చుని లేచాడంతే.

రాత్రి బయల్దేరారు. ఎత్తు మొదలైంది. బావ యాక్సిలరేటర్ మొత్తం తొక్కిపెట్టాడు. వేడి చూపించే ముల్లు కదిలింది... ఇంకొంచెం... ఎర్రగీత దాటింది. ఖాళీ ఇల్లు కనబడింది. ఒక్క దీపం లేదు.

ఉస్స్...

బానెట్ సందుల్లోంచి తెల్లగా లేచింది. మనిషంత అయింది. ఇద్దరంత అయింది. కారు ఆగిపోయింది.

"నాన్నే..." అన్నాడు బావ గుసగుసగా. "అమ్మొద్దని ఆపుతున్నాడే."

"మామయ్యగారికి చెప్పాలనుంటే ఇంట్లోనే చెప్పేవారు కదండీ. ఇంత ఎత్తెక్కి మరీ చెప్పాలా?"

బావ స్టీరింగ్ వదల్లేదు. "ఇది కూడా పోతే ఆయన నాకు నిజంగానే పోయినట్టే," అన్నాడు.

అక్కకి జాలేసింది. ఆ మాట పైకి చెబితే అక్క ఎందుకవుతుంది? ఇంజన్ చల్లారేదాకా ఆగి, నీళ్ళు పోయించి, టార్చి తీసుకుని బానెట్ దగ్గర నిలబడింది.

"మీరెప్పుడూ ఆపేసి చూస్తారు. ఈసారి ఇంజన్ నడుస్తుండగా చూద్దాం. తొక్కండి."

తొక్కాడు. అప్పుడు చూసింది అక్క... కింది గొట్టాన్ని కనబడని చెయ్యేదో పట్టుకుని పిసుకుతున్నట్టు... అది సన్నబడింది... పూర్తిగా అతుక్కుపోయింది.

"వదలండి!"

కాలు తీశాడు. గొట్టం మళ్ళీ గుండ్రంగా, ఏమీ ఎరగనట్టు ఉంది. అబద్ధమెందుకు, అక్కకీ ఒళ్ళు జలదరించిందట. కానీ ఆవిడ భయపడుతూ కూడా ఆలోచించగలదు. ఎత్తెక్కేటప్పుడు ఇంజన్ పంపు రేడియేటర్ నీళ్ళని ఆ గొట్టంలోంచి గట్టిగా లాగుతుంది. మెత్తటి గొట్టం అతుక్కోకుండా లోపల ఆసరాగా ఏదో ఒకటి ఉండాలి కదా...

"ఏమండీ, రెండేళ్ళ క్రితం, ఈ గోల మొదలవకముందు, పాత గొట్టం మార్చినప్పుడు లోపల్నుంచి స్ప్రింగులాంటి తీగచుట్ట ఒకటి తీశారు. ఏం చేశారు దాన్ని?"

బావ కారు దిగాడు. గొట్టం వంక చూశాడు. తల గోక్కున్నాడు.

చెప్పడానికేముంది? పాతకాలంవాళ్ళు అనవసరంగా పెట్టారని తీసేసి, శుభ్రంగా తుడిచి, టేబుల్ మీద నిలబెట్టి పెన్నులు వేసుకుంటున్నాడు! దెయ్యం సంగతులు రాసే పెన్ను కూడా అందులోనే.

సరిగ్గా అప్పుడు... ఖాళీ ఇంటి తలుపు కిర్రుమంది.

తెల్లజుట్టు. చేతిలో కొవ్వొత్తి. బావ ఒక్క గెంతులో అక్క వెనక్కి చేరాడు.

"అమ్మా..." ఆ గొంతు వణికిపోతోంది. "మీరు... మనుషులేనా?"

"మనుషులమే బామ్మగారూ," అంది అక్క.

"బతికించావు తల్లీ! రెండేళ్ళుగా మా గేటు ముందు తెల్లగా లేచి ఉస్సురంటోంది. గేటుకి తాళమేసి పెరటి దారినే తిరుగుతున్నాం. చీకటి పడితే చాలు, దీపాలార్పేసి మంచాల కింద దూరుతున్నాం."

అక్క బావ వంక ఒక్క చూపు చూసింది. బావ నేల వంక చూశాడు.

పొద్దున్నే తుక్కు కొనేవాడొచ్చాడు. వట్టి చేతులతో పంపడం బాగుండదని అక్క వాడికి దెయ్యం నోటుబుక్కు ఇచ్చి పంపింది. తీగచుట్ట గొట్టంలోకి వెళ్ళింది. ఆ పై శనివారం కారు ఆ ఎత్తు ఇట్టే ఎక్కేసింది. బావ సంతోషం పట్టలేక హారన్ కొట్టాడు. ఆ ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి.

ఇప్పుడు బావకి కొత్త దిగులు పట్టుకుంది. అర్ధరాత్రి టేబుల్ మీద పెన్నులు వాటంతటవే దొర్లి, ఒక్కొక్కటే కింద పడుతున్నాయట... ఇంకో నోటుబుక్కు కొన్నాడు.