ఆపరేషన్ గుర్రపుడెక్క

సూర్యాపేట మార్కెట్ యార్డులో, పట్టపగలు, వడ్ల రాశి పక్కన శ్రీధర్ శవం దొరికింది. మెడ మీద సూదిపోటంత గుర్తు. లాప్‌టాప్ మాయం.

శ్రీధర్ సైంటిస్ట్. ఏ కాలువ నీళ్లు ఎంతసేపట్లో ఎక్కడికి చేరతాయో, పొలాల్లో చల్లిన యూరియా కొట్టుకొచ్చి ఏ చెరువును పచ్చబరుస్తుందో కంప్యూటర్‌లో ముందే చూపించే మోడల్ తయారుచేసినవాడు. అలాంటి మనిషిని చంపేదెవరు?

"గుర్రపుడెక్క," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "ఆ పేరుతో తిరిగే విదేశీ ముఠా. పైకి నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్లు అమ్ముతారు. మోడల్ వాళ్ల చేతికి పోయింది. ఏజెంట్ ఉపేందర్, వింటున్నావా?"

"వింటున్నా సార్."

"పొద్దున మిర్యాలగూడ దగ్గర కాలువలో తెల్ల డబ్బా వదిలారు. చూడ్డానికి నీళ్లను పరీక్షించే సెన్సార్. లోపల విషప్పొడి. అది కోదాడ తాగునీటి చెరువుకు చేరే వేళకు టైమర్ పెట్టారు. ఆ చెరువు ఇప్పటికే నాచు పట్టి ఉంది. జనం చస్తే నేరం నాచు మీదికి, రైతుల యూరియా మీదికి పోతుంది. ప్లాంట్లకు గిరాకీ."

ఉపేందర్ ఇల్లు కోదాడలోనే. భార్య స్వరూప, ఐదేళ్ల కూతురు నిత్య తాగేది ఆ నీళ్లే.

"ఇంటికి ఒక్క ఫోన్ సార్..."

"కుదరదు. మాట పొక్కితే ముఠా జారిపోతుంది. రేపు ఇంకో ఊళ్లో ఇంకో డబ్బా."

సీక్రెట్ ఏజెంట్‌కు భయముండదని ఎవడన్నాడో గానీ, వాడికి పిల్లలుండి ఉండరు. ఉపేందర్ జీపును కాలువ వైపు మళ్లించాడు. పాపం, ఇంట్లోవాళ్లకు అతను పీవీసీ పైపుల సేల్స్‌మన్.

సమాచారం ఇచ్చింది కళ్యాణి. ముఠాలో సేల్స్ హెడ్, మెరిసే చీర, నల్లద్దాలు, నలుగురు తిరిగి చూసే నడక. లోపల మాత్రం మన డబుల్ ఏజెంట్. ఆమెతో మాట్లాడాలంటే ముందు "వడ్ల రేటెంత?" అనడగాలి. "తేమ చూసి చెప్తా" అంటే అంతా క్షేమం. "రేటు బాగుంది" అన్నదా, పక్కన శత్రువున్నాడు, ఆ తర్వాత చెప్పేదంతా తిరగేసుకోవాలి.

కాలువ గట్టు మీద ఎవరూ అడ్డుచెప్పకుండా ఉపేందర్ కాలువల ఏఈ వేషం వేశాడు. తెల్లచొక్కా, మెడలో ఐడీ కార్డు. శ్రీధర్ ప్రభుత్వానికి ముందే ఇచ్చిన మోడల్ కాపీ టాబ్లెట్‌లో ఉంది. దాని లెక్క ప్రకారం డబ్బా ఇంకాసేపట్లో నేరేడుచర్ల దాటాలి. ఊరవతల వంతెన మీద వల పట్టుకుని నిలబడ్డాడు. గడ్డి వచ్చింది, చెప్పు వచ్చింది, డబ్బా రాలేదు. తనకంటే ముందే వెళ్లిపోయిందా?

చూస్తుండగానే కాలువలో నీళ్లు తగ్గిపోయాయి. గట్టు వెంట ఎగువకు జీపు పరిగెత్తించాడు. అక్కడ కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు, వరిగడ్డి. నీళ్లన్నీ పక్క పొలాల్లోకి మళ్లాయి. మోడల్‌కు గేట్లు తెలుసు, వాలు తెలుసు. తమ నీళ్ల వంతు కానిరోజు రైతులు దొంగతనంగా వేసే బస్తాల సంగతి దానికెవరు చెప్పారు?

అతన్ని చూడగానే పక్క మడిలోంచి ముసలి రైతు కొమురమ్మ చేతులూపింది. "నేనెరుగ సారూ! బస్తాలు మావి గావు!"

"బస్తాలు కాదమ్మా. తెల్ల డబ్బా ఏమన్నా..."

"గా కెమెరా డబ్బానా?" అని నాలుక కరుచుకుంది.

ఉపేందర్‌కు అర్థమైంది. నీళ్ల దొంగలను పట్టడానికి సార్లు వదిలిన కెమెరా అనుకుని దాచేసింది! ఒప్పుకుంటే కేసని ఆమె భయం. ఐడీ కార్డు తెంపి కాలువలోకి విసిరేశాడు.

"నేను ఏఈని కాదు అవ్వా."

"దొరికినంక అందరు గట్లనే అంటరు."

"అవ్వా, నా బిడ్డ కోదాడల ఉన్నది. డబ్బాల విషమున్నది. మూత లేస్తే గాలి పీల్చినా సస్తం. నువ్వు, నేను, నీ బర్రె, ఎవ్వరం మిగలం. నాకు భయమైతుంది అవ్వా." కళ్లలో నీళ్లు ఆగలేదు.

కొమురమ్మ అతని మొహంలోకి చూసింది. "సార్లు గిట్ల ఏడ్వరు బిడ్డా. రా!"

కొట్టంలో కుడితి గోళెం. బర్రె అప్పుడే మూతి పెట్టింది. ఉపేందర్ మోచేతుల దాకా ముంచి డబ్బా పైకి తీశాడు. ఎర్రదీపం ఆగకుండా మినుకుమంటోంది. కళ్యాణికి ఫోన్ కలిపాడు.

"వడ్ల రేటెంత?"

"రేటు బాగుంది," అంది కళ్యాణి. "మూత ఎడమకు తిప్పు. ఆగిపోతుంది." లైన్ కట్.

అంటే కుడికి. మరి ఆ భయంలో ఆమె కోడ్ మరిచిపోయి ఉంటే? "నువ్వు దూరం పో అవ్వా" అన్నాడు. ఆమె బర్రె పలుపు పట్టుకుంది గానీ కదల్లేదు. దీపం మినుకుమనడం మాని నిలకడగా వెలగసాగింది. టైమర్ చివరికొచ్చింది. నిత్యను తలుచుకుని, కళ్లు మూసుకుని కుడికి తిప్పాడు.

టక్.

కళ్లు తెరిచేసరికి దీపం ఆరిపోయి ఉంది. ఉపేందర్ పేడలోనే కూలబడ్డాడు.

ఆ ఫోన్ ఆనవాలు పట్టుకుని చీఫ్ మనుషులు సూర్యాపేట లాడ్జి మీద పడ్డారు. కుర్చీకి కట్టేసిన కళ్యాణి ప్రాణాలతో దొరికింది. శ్రీధర్‌ను చంపిన ముఠా కూడా దొరికింది.

"ఇగ కేసు లేదు గద?" అంది కొమురమ్మ, చెంబుతో నీళ్లిస్తూ.

అతను చెంబు ఎత్తేలోగా స్వరూప ఫోన్. "నల్లా నీళ్లు రాలేదండీ. పైన ఎవరో కాలువకు అడ్డమేసి నీళ్లు మళ్లించుకున్నారంట. వాళ్ల చేతులు పడిపోను!"

ఉపేందర్ కొమురమ్మ బురద చేతుల వంక చూశాడు. "అట్లనకు స్వరూపా. ఆ చేతులు సల్లగుండాలె."

"చాల్లే ఊరుకోండి. పైపులమ్ముకునే మీకేం తెలుసు నీళ్ల కష్టం!"