మూడు రోజుల మాట

చెర్నోబిల్ పక్కన ఖాళీ అయిపోయిన ఆ ఊళ్ళో, చివరి ఇంటికి చెడ్డ పేరుంది. పొద్దు గూకాక అటు పోతే పొయ్యిలోంచి ఎవరో తడతారట... టక్... టక్... కాపలా కుర్రాళ్ళు కూడా ఆ దారి తొక్కరు.

ఆ ఇల్లు మోత్ర్యది.

రియాక్టరు పేలినప్పుడు సైనికులొచ్చి, కాగితాలూ రొట్టే పట్టుకోండి చాలు, మూడు రోజుల్లో తిరిగొచ్చేస్తారన్నారు. మా వైపు ఇల్లు మారేవాళ్ళు పాత ఉన్నిబూటు ఒకటి పొయ్యి ముందు పెట్టి, పొయ్యి వెనక కంటికి కనపడకుండా ఉండి ఇంటిని కాచే తాతని పిలిచి, అందులో వెంట తీసుకెళ్తారు. మూడు రోజుల ముచ్చటకి తాతనెవరు పిలుస్తారు చెప్పండి? ఊరు ఊరంతా పిలవకుండానే బస్సెక్కింది.

ఆ మూడు రోజులు ముప్పై ఏళ్ళు దాటిపోయాయి. కీవ్‌లో ఇచ్చిన ఫ్లాటులో మొగుడు పోయాడు. కూతురు పెళ్ళై దూరంగా ఉంటోంది, పలకరించే దిక్కు లేదు. తాతని వదిలేసి వచ్చినందుకే నాకీ ఒంటరి బతుకని మోత్ర్య కుమిలిపోయేది.

ఒక ఏడు సమాధుల పండక్కి, మూసేసిన ఊళ్ళలోకి జనాన్ని వదిలితే, అల్లుడు తిమీష్‌తో బయల్దేరింది. బస్సులో దారంతా వాదనే. అణుకరెంటు లేకపోతే చలికాలం బిగుసుకుపోయి చస్తాం అత్తయ్యా అని అతను. నీ బల్బు వెలగడానికి నా ఊరే దొరికిందా అని ఆవిడ. తాత సంగతి చెబితే పగలబడి నవ్వాడు.

సమాధుల మీద గుడ్లూ రొట్టే పెట్టి అందరూ బస్సువైపు నడుస్తుంటే, ఆవిడ మెల్లగా తన ఇంటివైపు జారుకుంది. చీకటి పడింది. గడప దాటగానే —

టక్... టక్...

అయినా నిలబడింది. ఆనాడు పొయ్యి మీద ఆరబెట్టిన మొగుడి ఉన్నిబూటు అక్కడే ఉంది. దించి, పొయ్యి ముందు పెట్టింది.

"తాతా... మనింటికి పోదాం రా," అంది గుసగుసగా.

చప్పుడు ఆగిపోయింది. బూటు ఎత్తబోతే — బరువుగా ఉంది.

బయటికి పోయే గేటు దగ్గర మనుషుల్నీ సామాన్లనీ రేడియేషన్ మీటరు పెట్టి చూస్తారు. బూటు దగ్గరికి రాగానే అది గీపెట్టింది. కాపలావాడు బూటు తిరగేసి దులిపాడు. ఏమీ రాలలేదు.

"ఇది బయటికి పోకూడదు మామ్మా," అన్నాడు తల దించుకుని.

అంతసేపూ వెక్కిరించిన తిమీషే బతిమాలాడు. కుదర్లేదు.

మోత్ర్య ఆ బూటుని, బయటికి పోనివ్వని సామాన్లు పడేసే ఇనప డబ్బాలో తన చేత్తోనే పెట్టింది. ఒంగి చెప్పిన మాట ఎవరికీ వినపడలేదనుకుంది గానీ, అల్లుడు విన్నాడు.

"మూడు రోజులే తాతా... మూడు రోజుల్లో వచ్చేస్తా."

బస్సు మలుపు తిరిగేదాకా ఆ డబ్బాలోంచి వినిపిస్తూనే ఉంది —

టక్... టక్...