చివరి స్థానానికి పోటీ

వేలూరు కోట అగడ్తలో తేలిన శవాన్ని చూసి పోలీసులు ‘కాలు జారి పడ్డాడు’ అని రాసుకుని చేతులు దులుపుకున్నారు. చనిపోయినవాడు కృష్ణప్ప. నడిసముద్రంలో ఈదుకుంటూ వచ్చి రెండు మిషన్లు పూర్తి చేసిన సీక్రెట్ ఏజెంట్. అలాంటివాడు పాచినీళ్లలో మునిగి చచ్చాడంటే నమ్మడానికి ఏజెంట్ దినకర్ చెవిలో పువ్వు పెట్టుకుని లేడు. కృష్ణప్ప అతనికి పని నేర్పిన గురువు. ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. రెండింటినీ మింగి, పాత బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌లోకి నడిచాడు.

బూత్ వెనక గదిలో చీఫ్ రాజమాణిక్యం వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

“కూర్చో నాయనా. డిఫెన్స్ ల్యాబ్‌లో ఒక లోహం ముక్క పోయినాది. పిడికెడంత ఉంటాది, సీసం కన్నా బరువు. అది దేశం దాటితే మనోళ్లు ఏండ్ల తరబడి చేసిన పని గంగపాలే.”

“ఎవరి దగ్గర ఉండాది సార్?”

“అది తెలుసుకునేదానికే కృష్ణప్ప పడవల క్లబ్బులో చేరినాడు. చిన్న తెరచాప పడవలు, గట్టుమీద నిలబడి రేడియో రిమోట్‌తో తిప్పుతారే, ఆ క్లబ్బు. వాడు చచ్చే ముందు పంపిన కడా మెసేజ్ ఇదీ: సరుకు చివరి పడవలో పోతుంది.”

“అంటే?”

“ఆదివారం గుడియాత్తం చెరువులో రేసు. చీఫ్ గెస్ట్ ఫెంటన్ దొర, తోళ్లు కొనేదానికి వచ్చినాడు. క్లబ్బులో ఒక ఆచారం ఉండాది. రేసులో అందరికన్నా కడాకు వచ్చినోడు తన పడవను గెస్టుకు ఇచ్చేసి, తాను కొత్తది కట్టుకోవాల. క్లబ్బు లెటర్‌తో పోయే ఆ పడవను కస్టమ్స్‌లో విప్పరు.”

“ముందే అన్ని పడవలూ విప్పేద్దాం సార్.”

“ఢిల్లీలో ఇప్పుడు ఫారిన్ వ్యాపారానికి తలుపులన్నీ బార్లా తెరిచినారప్పా. ఫారిన్ బయ్యర్‌కు కాస్త చెమట పడితే మనకు ఫ్యాక్స్ వస్తాది. ఎవరని తెలియకుండా ముట్టుకుంటే దొంగ సరుకు మార్చేస్తాడు. దొర చేతికి పోయినాక ఇంక ఎవరూ దాన్ని ముట్టలేరు. సీక్రం పో, టైము లేదు.”

మర్నాటికి దినకర్ ఒడుగత్తూరు టైల్స్ వ్యాపారి దేవా అయిపోయాడు. అతికించిన మీసం, సఫారీ సూటు, వాచీలో కెమెరా, టేప్ రికార్డరు, బెల్టు బకిల్‌లో ట్రాన్స్‌మిటర్. చేతిలో ఒక పాత పడవ. అది ఎటు వెళ్లాలన్నా ముందు గట్టును గుద్దుకుని గానీ వెళ్లేది కాదు.

“రిమోట్‌ను పిసకొద్దు నాయనా, మెల్లగా!” అన్నాడు క్లబ్బు ప్రెసిడెంటు వేలాయుధం. రిటైర్డ్ డ్రిల్లు మాస్టరు. అగడ్త గట్టుమీద పక్కనే నిలబడి ఓపిగ్గా నేర్పాడు. “గాలి కొడితే పడవ వంగతాది, భయపడొద్దు. అడుగున కట్టిన సీసం గుండు మళ్లా లేపతాది. అందరి గుండూ ఒకే బరువు, మేమే తూచి కడతాము.”

ఇంత ప్రేమగా ఎందుకు నేర్పుతున్నాడు? దినకర్‌కు అదే గుచ్చుకుంది. ఆ రోజు అతనికి టీ ఇచ్చిన మనిషి మీద కూడా అనుమానమే.

అప్పుడే ఎర్ర మారుతీలోంచి సింధుజ దిగింది. క్లబ్బు సెక్రెటరీ, ఫెంటన్‌కు ఇంటర్‌ప్రెటర్. నల్లకళ్లద్దాలు, పాదరసం రంగు షిఫాన్ చీర. అగడ్త అవతల సైకిళ్లు తొక్కేవాళ్లు ఇద్దరు బ్రేకులు వేశారు. ఆమె నేరుగా వచ్చి దినకర్ పక్కన నిలబడింది.

“ఈ గాలి యాడనుంచి వస్తా ఉండాది?”

కోడ్ వాక్యం. దినకర్ నీళ్లమీదే చూపు ఉంచి జవాబిచ్చాడు.

“పొన్నై నుంచి. వానకు ముందు గాలి.”

“ఫెంటన్ నాకు జీతం ఇస్తాడు. మీ చీఫ్ కూడా ఇస్తాడు,” అంది పెదవులు కదపకుండా. అంతలో వెనక అడుగుల చప్పుడుకు మామూలుగా గొంతు పెంచింది. “వేలాయుధాన్ని చూసుకో అన్నా. గుండ్లు తూచేది ఆయనే.”

దినకర్ తల ఊపాడు గానీ నమ్మలేదు. ఆ కోడ్ కృష్ణప్పకూ తెలుసు. కృష్ణప్పను నీళ్లలోకి తోసినవాళ్లు దాన్ని అతని నోటినుంచి రాబట్టి ఉండొచ్చు. రెండు చేతులా జీతం తీసుకునే మనిషి ఎవరి పక్షమో ఆమెకైనా తెలుసో లేదో!

ఆదివారం గుడియాత్తం చెరువు గట్టంతా జనం. పది పడవలు. చెరువు మధ్యలో, పడవలు చుట్టి రావాల్సిన ఎర్ర బంతులు. షామియానా కింద ఫెంటన్ లేత కొబ్బరినీళ్లు తాగుతున్నాడు. వేలాయుధం మైకులో రూలు చదివాడు: అగ్గిపెట్టెల కంపెనీ మధ్యాహ్నం సైరన్ మోగేలోగా గీత దాటని పడవ లెక్కలోకి రాదు. దాటినవాటిలో కడాది గెస్టుకు పోతుంది.

విజిల్ మోగింది. దినకర్ పడవ అలవాటుగా వెనకబడింది. అతను మాత్రం తన పడవను చూడడం లేదు, మిగతా తొమ్మిదింటినీ చూస్తున్నాడు.

పడమటినుంచి ఒక్క పెద్ద గాలి వచ్చింది. పడవలన్నీ నీళ్లకు ముద్దు పెట్టేలా ఒరిగాయి. వేలాయుధం పడవ కూడా. ఒక్కటి మాత్రం నిటారుగా నిలబడింది. నీలం తెరచాప పడవ. దాని అడుగున ఉన్నది సీసం కాదు.

ఆ పడవ ధనపాల్‌ది. గుడియాత్తం బిల్డింగ్ కాంట్రాక్టరు, వరసగా ఏళ్ల తరబడి చాంపియన్. అలాంటివాడు ఇవాళ తెరచాప వదులు చేసి, బంతుల చుట్టూ పెళ్లి ఊరేగింపు నడుపుతున్నాడు.

“ఎన్నప్పా ధనపాలూ, నిద్రపోతా ఉండావా?” జనం అరిచారు. ధనపాల్ చెవులు ఎర్రబడ్డాయి.

ఎనిమిది పడవలు గీత దాటేశాయి. మిగిలినవి రెండే. గీతకు ఇవతల నీలం పడవ, దాని వెనక దినకర్ పడవ. రెండూ కదలవు. ధనపాల్ పథకం దినకర్‌కు అర్థమైపోయింది. వాడు సైరన్‌కు క్షణం ముందు గీత దాటుతాడు. ఆలోగా తాను దాటినా, అసలు దాటకపోయినా, కడా పడవ వాడిదే. కృష్ణప్ప ప్రాణమిచ్చి జాడ తీసింది దొర సూట్‌కేసులోకి పోతుంది. వాణ్ణి ముందు దాటించాలి. ఎలా?

సింధుజ ధనపాల్ వైపు నడిచింది. దినకర్ గుట్టు ఇప్పుడు వాడి చెవిలో వేస్తుందా? ఆలోచించే వ్యవధి లేదు. తెరచాప బిగించాడు. మొదటిసారిగా అతని పడవ తిన్నగా పోయింది. నీలం పడవ పక్కగా గీత వైపు దూసుకెళ్లింది.

“అయ్యో ధనపాలన్నా!” సింధుజ గొంతు గట్టంతా వినబడింది. “నిన్న చేరిన టైల్స్ వ్యాపారి నిన్ను దాటేస్తా ఉండాడే! వీడి చేతిలోనా నువ్వు ఓడేది?”

ధనపాల్ బుద్ధి వద్దంది. బొటనవేలు వినలేదు. ఏళ్ల తరబడి ఎవరినీ ముందుకు పోనివ్వని వేలు అది, తనంతట తానే రిమోట్ మీద పుల్లను లాగేసింది. నీలం తెరచాప బిగుసుకుంది. గాలిని తట్టుకుని నిటారుగా, బాణంలా పోయి గీత దాటేసింది. జనం ఈలలు వేశారు.

దినకర్ అప్పటికే తన పడవ ముక్కును గాలికెదురుగా తిప్పేశాడు. తెరచాప పటపటలాడింది, పడవ గీత ముందే ఆగింది. మళ్లీ తిప్పాడు. అది కదలదే! “పోవే తల్లీ,” అన్నాడు పైకే. మెల్లగా జారింది. ముక్కు గీత దాటిన మరుక్షణం సైరన్ ఊరంతా హోరెత్తించింది.

ధనపాల్ తన చేతిని తానే చూసుకుంటూ నిలబడిపోయాడు. షామియానాలో ఫెంటన్ మొహం సున్నం వేసిన గోడలా తెల్లబడింది. అయినా మైకు ముందుకు పిలిచాక ఏం చేస్తాడు? మెడలో బంతిపూల దండతో, చేతుల్లో దినకర్ డొక్కు పడవతో, పళ్లు బిగించి “థాంక్యూ” అన్నాడు.

దినకర్ బకిల్ నొక్కాడు. గట్టు వెనకనుంచి రెండు జీపులు వచ్చాయి. నీలం పడవ గుండు విప్పి తూస్తే వేలాయుధం నోరెళ్లబెట్టాడు. “ఇది నేను కట్టిన గుండు కాదప్పా! నేను తూచి కట్టినాక మార్చేసినాడు పాపాత్ముడు!” ఇన్నాళ్లూ ఆ పెద్దాయన్ని అనుమానించినందుకు దినకర్‌కు సిగ్గేసింది.

“నువ్వే కదా ఈయన పేరు చెప్పినావు?” అన్నాడు సింధుజతో.

“ఫెంటన్ మనిషి ఒకడు అప్పుడే వెనకకు వచ్చి వింటా ఉండాడు. నీకు ధనపాల్ పేరు చెప్పి ఉంటే సాయంత్రానికి నేనూ అగడ్తలో తేలేదాన్ని,” అంది ఆమె, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

జీపు వేలూరు దారి పట్టింది. దినకర్ పక్కన బేడీలతో ధనపాల్. కృష్ణప్పను ఎవరు తోశారని అడిగితే పలకలేదు. లోహం ఎవరు ఇచ్చారంటే పలకలేదు. పళ్లికొండ దాటాక తనంతట తానే నోరు విప్పాడు. దినకర్ గబుక్కున వాచీ బటన్ నొక్కి ముందుకు వంగాడు.

“సార్,” అన్నాడు ధనపాల్ గొంతు తగ్గించి, “పేపర్లో ఏమన్నా రాసుకోనీండి. నేను లాస్ట్ వచ్చినానని మాత్రం రాయించొద్దండి.”