చుక్కల వెనకాల మనిషి

హైమావతి పడవ ముక్కు మీద నిలబడి వినికిడి గొట్టాన్ని ఉత్తరం నుంచి తూర్పుకు తిప్పింది. గొట్టం సన్నగా గుర్రుమంది. అంటే రెల్లులంకలో ఇంకా ఎవరో పాతతరంగం మీద బొమ్మ చూస్తున్నారు. ఒక్క పాత టీవీ పెట్టె వెలుగుతున్నా ఆ నేల మీద పాతతరంగాన్ని ఆపకూడదని చట్టం. గొట్టం మూగబోయాక పరీక్షకురాలైన హైమావతి దాని నోటి దగ్గర "చూపు లేదు" అని పైకి అనాలి. ఆ రెండు మాటలు చాలు, కొండమీది ప్రసార గోపురం తనంతట తానే ఆరిపోతుంది.

ఆ మాటల కోసం ఆమె వెనకాల ఇద్దరు కాచుకుని కూర్చున్నారు. ఒకాయన ముక్తేశ్వరరావు, కొత్తగా వచ్చిన అంకెతరంగం మీద నడిచే టీవీ డబ్బాలు తయారుచేసే సంఘం మనిషి. రెండోవాడు నిఖిలేష్. పాతతరంగం ఆగితే ఖాళీ అయ్యే గాలిని ఫోన్ల కోసం ముందే కొనేసుకున్న సంఘం తరఫున వచ్చాడు.

"ఈ వానాకాలం ఆగండి సార్. మా డబ్బాలు గోడౌన్లో మగ్గిపోతున్నాయి. జనం కొనుక్కున్నాక మీ గాలి మీరు తీసుకుందురు గాని," అన్నాడు ముక్తేశ్వరరావు.

"మీ డబ్బాలు అమ్ముడయ్యేదాకా మా గాలిని ఎండలో ఆరబెట్టుకోమంటారా? అందుకే పరాయి డబ్బాలు తెప్పించి ఊరికే పంచాం. ఊళ్ళో పాతపెట్టె ఒక్కటి మిగిలినా అన్నీ వెనక్కి పట్టుకుపోతాం."

ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగాయని సామెత. ఈ ఆంబోతులకు లేగదూడలు ఉన్నాయన్న సంగతే తెలియదు. అంకెతరంగం కాస్త గాలి వీచిందంటే తెగుతుంది, తెగిందంటే మొత్తంగా తెగుతుంది. పాతతరంగం అలా కాదు. బొమ్మ చెదిరి చుక్కలైపోయినా వెనకాల మాట వినిపిస్తూనే ఉంటుంది. పోయినేడు ములకలంకలో హైమావతి తోటి పరీక్షకుడు "చూపు లేదు" అన్నాడు. తర్వాత వరద రాత్రి డబ్బాలన్నీ నల్లబడ్డాయి, లంక ఖాళీ చెయ్యమన్న మాట ఒక్క ఇంటికీ అందలేదు. పోయినవాళ్ళ పేర్లు మర్నాడు అంకెతరంగంలో చదివారు. బొమ్మ అద్దంలా వచ్చింది.

గొట్టం చూపించిన గుడిసె వీరలచ్చమ్మది. బీరపాదులు పెంచుకుని బతుకుతుంది. వాకిట్లో ఇరుగుపొరుగు అప్పటికే మూగి ఉన్నారు.

"నీ ఒక్కదాని మూలాన మా అందరి డబ్బాలూ లాక్కుపోతారంట! ఇచ్చెయ్యవే తల్లీ!"

వీరలచ్చమ్మ హైమావతి వైపు చూసింది. "గాలేత్తే మీ డబ్బా నోరు మూసేత్తాదండి. నా పెట్టెలో చుక్కలొత్తాయి గానండి, ఆ చుక్కలెనకాల మడిసుంటాడు. గోదారెంతొచ్చిందో సెప్తానే ఉంటాడు. ఆయ్."

అది నిజమేనని హైమావతికి తెలుసు. తను పనిచేసే తరంగ మండలికి ఈ మాటే ఎన్నోసార్లు రాసింది. రెండు సంఘాలనూ సంప్రదించామని ప్రతిసారీ ఒకటే జవాబు.

"ఎలాగూ ఒగ్గరు కదండీ, అట్టుకుపోండి," అంటూ వీరలచ్చమ్మ చిన్న పెట్టెను కొంగుతో తుడిచి ఆమె చేతుల్లో పెట్టింది. వరదలో ముందు పోయేది కరెంటే కనుక లంకల్లో పెట్టెలన్నీ బ్యాటరీ మీద నడిచేవే.

పడవ దగ్గరికి వచ్చేసరికి ఎగువ నుంచి గాలి లేచింది. హైమావతి గొట్టాన్ని చుట్టూ తిప్పింది. చప్పుడు లేదు.

"అనండి మేడమ్," అన్నాడు నిఖిలేష్.

ఆమె గొట్టాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుంది. తను అనకపోతే రేపు ఇంకొకరు వచ్చి అంటారు. అది ఆమెకు బాగా తెలుసు. తెలిసే వంగి, పెట్టె తీగను పడవ బ్యాటరీకి తగిలించింది. తెరనిండా చుక్కలు ముసిరాయి. గొట్టం గుర్రుమంది.

"చూపు ఉంది," అంది గొట్టంతో.

"ఇదేం పని? లంక పెట్టె అది!" అని అరిచాడు నిఖిలేష్.

"లంక ఇచ్చేసింది. ఇప్పుడిది నాది. చూస్తున్నది నేను."

"రేపే మిమ్మల్ని తీసేస్తారు."

"తీసేస్తారు."

ముక్తేశ్వరరావు ముఖం వెలిగిపోయింది. అప్పటికే ఫోను చెవిన పెట్టుకున్నాడు. "గడువు వాయిదా పడినట్టే సార్! పరీక్షకురాలు మన మనిషే!"

హైమావతి ఏం చేసినా లాభం ఎవడో ఒకడి జేబులోకే పోతుంది. తీగ పీకేద్దామని చెయ్యి చాచింది కూడా. అంతలో చుక్కల వెనకాల ఒక గొంతు, అలసటగా, గోదారి నీటిమట్టం అంకెలు చదవడం మొదలుపెట్టింది. వింటున్నవాళ్ళు ఎవరైనా మిగిలారో లేదో ఆ మనిషికి తెలియదు. అయినా ప్రతి అంకెనూ రెండుసార్లు చదువుతున్నాడు.

ఆమె బ్యాటరీతో సహా పెట్టెను చంకనెత్తుకుని బురదలోకి దిగి గుడిసెల వైపు నడిచింది. జనం కొత్త డబ్బాలను వాకిళ్ళలోకి తెచ్చి చేత్తో తడుతున్నారు. తెరలన్నీ నల్లగా ఉన్నాయి.

వీరలచ్చమ్మ ఎదురొచ్చింది. "ఏటంటన్నాడమ్మా?"

"నీళ్ళు వస్తున్నాయంటున్నాడు. అందర్నీ లేపు."