కూర్చుని, మూత తీసి, చంపుతాడు

విస్సన్నపేట సెంటర్లో, పట్టపగలు, టీ కొట్టు ముందు నిలబడి ఉన్నవాడు ఉన్నట్టే సాయికుమార్ చచ్చిపోయాడు. గ్లాసులో సగం టీ అలాగే ఉంది. చూసినవాళ్ళంతా గుండెపోటు అనుకున్నారు. మెడ వెనక ఆవగింజంత ఎర్రచుక్కను పోస్టుమార్టం చేసిన డాక్టరు తప్ప ఎవరూ గమనించలేదు.

సాయికుమార్ కోడ్ బ్రేకర్. ఏ కాగితంలోనూ కనిపించని 'సెక్షన్ నైన్' అనే విభాగంలో ఉద్యోగి. అతని బూటు మడమలో దొరికిన ఒక్క వాక్యం, మూడు రోజుల తర్వాత, సోమవారం ఉదయం ఏడింటికి ఏజెంట్ శర్వాణి ఫోన్లోకి వచ్చింది. వెనకే చీఫ్ దత్తాత్రేయులు గొంతు వినిపించింది.

"ప్రాచీన గ్రీకు. సాయి వెంటాడుతున్న ముఠా ఆర్డర్లన్నీ అందులోనే రాస్తుంది. మన సాఫ్ట్‌వేర్ ఏమంటోందంటే, 'వాడు కూర్చున్నాడు, బండి కదిలింది, మూత తీశాడు, గురువును చంపాడు.' అంతా అయిపోయినట్టే ఉంది. కానీ హత్యకు గురైన గురువు ఎక్కడా లేడు."

"సాయి ఆఖరిసారి కలిసింది గ్రీకు మాస్టార్నే కదా సార్?"

"అవును, తిరువూరులో జోజప్ప అనే రిటైర్డ్ మాస్టార్ని. నువ్వెక్కడున్నావ్?"

"ఆయన గేటు తీస్తున్నాను సార్."

మాట తాపీగానే వచ్చింది కానీ గేటు గొళ్ళేన్ని ఆమె రెండుసార్లు తప్పు వైపు లాగింది. సాయి, ఆమె ఒకే బ్యాచ్. ట్రైనింగ్‌లో భయపడకూడదని నేర్పారు. ఎలా భయపడకూడదో మాత్రం ఎవరూ నేర్పలేదు.

జోజప్పకు డెబ్భై రెండేళ్ళు. పాస్టర్ల బడిలో ముప్పై ఏళ్ళు గ్రీకు చెప్పారు. నూరు మైళ్ళ చుట్టుపక్కల ఆ భాష చదవగలిగిన మనిషి ఉండడని ముఠా ధీమా. తిరువూరులో ఒకాయన పాలప్యాకెట్టు తెచ్చుకుంటూ ఆ భాషలో విభక్తులు వల్లెవేస్తాడని వాళ్ళకెలా తెలుస్తుంది? కానీ తెలిసింది. అదే వచ్చిన చిక్కు.

మాస్టారు ఫోన్ని కళ్ళకు ఆనించుకుని చదివారు.

"మీ మిషను తప్పు చెప్పిందమ్మాయ్. ఇదిగో, కథిసాస్. దీన్ని 'కూర్చున్నాడు' అనుకుంది. కాదు, 'కూర్చుని'. ఇలాంటి మాటలకి సొంత గడియారం ఉండదు. అసలు క్రియ చేతికున్న గడియారం చూసి టైము చెప్తాయి."

"అర్థం కాలేదు మాస్టారూ."

"రేపు నేను అన్నం తిని వెళ్తాను అన్నాననుకో. తినడం నిన్న జరిగిపోయిందా?"

"లేదు. వెళ్ళే ముందు జరుగుతుంది."

"అంతే! 'కూర్చుని', 'మూత తీసి', ఈ రెండూ అసలు పనికంటే ముందు జరిగేవి. 'బండి కదులుతుండగా', ఇది పనితో పాటే జరిగేది. ఇక అసలు పని వాక్యం చివర్న ఉంది. చంపుతాడు. భవిష్యత్తు. ఇంకా జరగలేదు తల్లీ." ఆయన మరో మాట మీద వేలు పెట్టారు. "పుంలింగంలో రాశాడు. వచ్చేది మగవాడే."

"గురువు అంటే?"

మాస్టారు గోడకున్న క్యాలెండర్ వైపు చూశారు. ప్రతి నెలా మొదటి సోమవారం, తొమ్మిదీ పావు బస్సులో, డ్రైవరు వెనక మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుని ఆయన విజయవాడ కంటి ఆసుపత్రికి వెళ్తారు. పదకొండేళ్ళుగా అదే బస్సు, అదే సీటు.

"గురువంటే నేనే. బండి ఆ బస్సే. మొదటి సోమవారం ఈరోజే," అన్నారు.

"మీరు వెళ్ళకండి మాస్టారూ."

"వెళ్ళకపోతే ఇంకో రోజు, మనకి తెలియని రోజున వస్తాడు. అప్పుడు ముందుగా చెప్పే వాక్యం కూడా ఉండదు. నాకు భయంగా ఉందమ్మాయ్, లేదని ఎందుకు చెప్పను? కానీ ఈరోజైతే నువ్వున్నావు."

ఆ మాటతో శర్వాణి భయం రెట్టింపైంది.

బస్టాండులో సన్నగా వాన పడుతోంది. శర్వాణిది అంగన్‌వాడీ టీచరు వేషం, చంకలో రిజిస్టరు. చేతిలో చీఫ్ ఇచ్చిన పెన్ను. పక్కన విషం ఉంటే ఆ పెన్ను కొస ఎర్రగా వెలుగుతుంది. ఢిల్లీలో పదిసార్లు టెస్ట్ చేశారట.

"ఈ బస్సు గంపలగూడెం మీదుగా వెళ్తుందా?" అని వెనకనుంచి ఒక తియ్యటి గొంతు అడిగింది. అది కోడ్.

"వాన తగ్గితే వెళ్తుంది," అంది శర్వాణి.

ప్రమీలారాణి. లేత నీలం పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, వానలో కూడా చెదరని జుట్టు. బస్టాండులో సగం మంది బస్సు సంగతి మరిచిపోయారు. రెండేళ్ళుగా ముఠాలోనే ఉంటూ సెక్షన్ నైన్‌కి కబుర్లు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్.

"తెల్ల చొక్కా, చేతిలో గోనె సంచి, చివరి సీట్లోకి వెళ్తాడు. వాడే," అందామె మెల్లగా. "మీరు వెనక ఉండి వాణ్ణి చూడండి. మాస్టారి వెనక సీట్లో నేనుంటా. కంగారు పడకండి. విస్సన్నపేటలో పుట్టిపెరిగినదాన్ని, ఈ బస్సుల్లోనే కాలేజీకి వెళ్ళినదాన్ని."

బస్సు ప్లాట్‌ఫారం మీదికి తిరిగిందో లేదో జనం కిటికీల మీద పడ్డారు. ఆగకముందే జేబురుమాళ్ళు, తువ్వాళ్ళు, ఒక గొడుగు, ఎవరిదో పిల్లవాడి టోపీ లోపలి సీట్ల మీదికి వెళ్ళిపోయాయి. ఆడవాళ్ళకి టికెట్టు లేకుండా పోయిన దగ్గర్నుంచి ఈ హడావుడి మరీ ఎక్కువైంది. మాస్టారి సీటు మీదికి ఆయన రుమాలు శర్వాణే విసిరింది. దాని వెనక సీటు మీద ఒక పచ్చ తుండు పడింది.

బస్సు నిండింది. శర్వాణి తోసుకుంటూ చివరికి వెళ్ళింది. తెల్ల చొక్కా అక్కడే ఉంది, ఒళ్ళో గోనె సంచి. ఆమె దగ్గరికి జరగగానే పెన్ను కొస ఎర్రగా వెలిగింది.

కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలింది. కూర్చోవడం అయింది, బండి కదలడం మొదలైంది, ఇక మిగిలింది మూత ఒక్కటే. శర్వాణి ఒక్క ఊపున సంచి లాక్కుంది.

"అయ్యో, జాగ్రత్తమ్మా! పత్తిచేనుకి కొట్టే పురుగుమందు. మీద పడితే ఒళ్ళు మండుద్ది," అన్నాడు వినగడప ఊరి రైతు బ్రహ్మయ్య, ఆదుర్దాగా.

శర్వాణి సంచి తిరిగి అతని ఒళ్ళో పెట్టేసింది. వీడు కాకపోతే ఎవడు? యాభై మందిలో ఎవడు?

అప్పుడే ముందువైపు నుంచి ఒక కేక వినపడింది.

"ఏమ్మా! ఆ తుండు కనపళ్ళేదా? అంత నల్లద్దాలెట్టుకుంటే ఎట్టా కనపడుద్ది! తీసి ఎవరు పక్కనెట్టమన్నారు?"

కూరగాయల బుట్టతో సగం ఎక్కి సగం వేలాడుతున్న సీతారావమ్మది ఆ గొంతు. పచ్చ తుండు ఆవిడది. దాన్ని శుభ్రంగా మడిచి పై కమ్మీ మీద పెట్టి, ఆ సీట్లో ప్రమీలారాణి కూర్చుని ఉంది. ముఖంలో ఇబ్బంది గానీ బెదురు గానీ లేదు. తను చేసిన తప్పేమిటో అసలు తెలియదు.

శర్వాణి చూపు ఆ మడిచిన తుండు మీద ఆగిపోయింది. ఈ బస్సుల్లో పెరిగిన మనిషి పాము మీదైనా చెయ్యి వేస్తుంది గానీ పక్కవాళ్ళ తుండు మీద వెయ్యదు. తప్పనిసరైతే అది ఎవరిదని బస్సంతా వినబడేలా అడుగుతుంది, దెబ్బలాడుతుంది. మడిచి పెట్టదు. ఈమెది విస్సన్నపేట కాదు. అసలు ఈ దేశమే కాదు.

ప్రమీలారాణి చేతిలో లిప్‌స్టిక్. మూత తీసి ఉంది. మాస్టారు ముందుకు వంగి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. మెడ వెనక తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి.

"మాస్టారూ!" అని అరిచింది శర్వాణి. నడుమ పాతికమంది. ఎవరూ అంగుళం కదల్లేదు.

"లే అంటంటే వినపట్టంలా!" అంటూ, జనాన్ని తోసుకుని వచ్చిన సీతారావమ్మ ప్రమీలారాణి రెక్క పట్టుకుని గుంజింది.

మాస్టారి మెడకి బెత్తెడు దూరంలో ఉన్న చెయ్యి పక్కకి విసిరేసినట్టు పోయింది. లిప్‌స్టిక్‌లోంచి పొడుచుకొచ్చిన సూది సీటు రెక్సిన్లో దిగబడింది. బుట్టలోని వంకాయలు తొక్కుకుంటూ శర్వాణి చేరేసరికి సీతారావమ్మ ఆ మనిషిని సగం పైకి లేపేసింది. మిగతా సగం శర్వాణి చూసుకుంది.

ఊరి పొలిమేరలో బస్సు ఆపించి, జీపులో వచ్చిన మనుషులకు ప్రమీలారాణిని అప్పగించారు. జీపు ఎక్కేముందు ఆమె శర్వాణిని ఒక్కటే అడిగింది. "ఎక్కడ దొరికిపోయాను?"

శర్వాణి చెప్పలేదు. చెబితే, ముఠా తర్వాత పంపేవాళ్ళకి ట్రైనింగ్‌లో పనికొస్తుంది కదా.

మాస్టారు కళ్ళద్దాలు మళ్ళీ తుడుచుకున్నారు. "వ్యాకరణం మగవాడంది," అన్నారు తప్పు చేసినవాడిలా. "అందర్నీ అలాగే రాసుకుంటారు కాబోలు. నాకు తట్టలేదు తల్లీ."

"వరస సరిగ్గానే చెప్పారు మాస్టారూ. ముందు కూర్చోవాలి. ఆ కూర్చోవడమే సీతారావమ్మగారు సాగనివ్వలేదు."

చీఫ్ ఫోన్ చేశాడు. "పెన్ను పనిచేసిందా?"

"చేసింది సార్. పురుగుమందుని పట్టుకుంది."

బస్సు మళ్ళీ బయలుదేరింది. సీతారావమ్మ తన తుండు పరుచుకుని దర్జాగా కూర్చుంది. పని అయ్యాక గానీ శర్వాణికి తన అలసట తెలియలేదు. కూర్చుందామని చూస్తే మాస్టారి పక్క సీటు ఖాళీగానే ఉంది. దాని మీద ఎవరిదో జేబురుమాలు ఉంది.

ఆమె కమ్మీ పట్టుకుని, విజయవాడ దాకా నిలబడే వెళ్ళింది.