అడుగుకి నూలు తరుగు

ఆగస్టా క్రోమర్ పొద్దున లేస్తూనే చేసే పని ఆ ఇనుప పొయ్యిని తుడవడం. తండ్రి థాడియస్ పోసిన మొదటి పొయ్యి అది. బతికున్నన్నాళ్లూ దాని మీద ఎవరినీ వండనివ్వలేదు ఆయన. నది ఒడ్డున పోత కర్మాగారం, కొండ మీద ఈ భవనం, ఒహైయోలో సగం వంటిళ్లలో క్రోమర్ అన్న పేరు, అన్నీ దాన్నుంచి పుట్టినవే. పోయిన అక్టోబరులో కర్మాగారం మూతబడింది. ఇక మిగిలిన సరుకు ఆ పేరొక్కటే.

ఆ వేళ పొయ్యి మ్యూజియానికి వెళ్లాలి. అక్కడ దాని పక్కన పెట్టే ఫలకం మీద చెక్కించే మాటలు మేనల్లుడు నెల్సన్ తెచ్చాడు. ‘థాడియస్ క్రోమర్ సొంత ఊహతో, సొంత చేతులతో చేసినది.’ ఆగస్టా సంతకమే తరువాయి.

ఆమె కలం తీసేలోగా వంటింటి గుమ్మంలో ఓర్విల్ యోస్ట్ దగ్గాడు. నలభై ఏళ్లు వాళ్ల దగ్గర ఇనుము పోసినవాడు. చేతిలో గోనెగుడ్డలో చుట్టిన పొయ్యి మూత ఉంది.

"మా తాత జేకబ్ చేసిన పొయ్యి మూతండీ, అమ్మగారూ. పెద్దయ్యగారి పొయ్యికి మూలం అదేనని మా ఇంట్లో అంటారు. ఫలకం పడే ముందు ఒక్కసారి చూడండి."

"పని పోయాక కథలు మొదలెట్టావా?" నెల్సన్ నవ్వాడు. "మీ తాతకి మా తాత బల్ల మీదే మూడు పూటలా తిండి. ఆ మాట అనరా మీ ఇంట్లో?"

"అంటామండి. తిన్నన్నాళ్లూ ఆయన చేసిన పొయ్యి మీ షెడ్డులోనే ఉందని కూడా అంటాం."

నెల్సన్ మూత లాక్కుని, పొయ్యికున్న మూత తీసి ఆ కంత మీద పెట్టాడు. అది అంచు మీదే ఆగిపోయింది.

"పట్టదు! చూశావుగా? మీది వేరు, మాది వేరు. ఇక దయచెయ్యి."

ఓర్విల్ కదల్లేదు. "నేనేం చెప్పనండి. పోత పని అమ్మగారికి తెలుసు."

ఆగస్టా రెండు మూతలనూ పక్కపక్కన పెట్టి వేలితో తడిమింది. రెండింటి మీదా ఒకే నక్షత్రం. రెండింటిలోనూ ఒకే కొసన, అచ్చు చెక్కేటప్పుడు కత్తి జారిన గాటు. క్రోమర్ మూత ఓ వెంట్రుకంత చిన్నది.

చిన్నప్పుడు పోత ఇసుకలో ఆడుకుంటుంటే తండ్రి చెప్పిన మాట చెవిలో మోగింది. "ఇనుము చల్లారితే అడుగుకి నూలు తరుగుతుందమ్మా, అంగుళంలో ఎనిమిదో వంతు. అందుకే చెక్క అచ్చు కాస్త పెద్దగా చెక్కుతాం. ఇంకొకడి సామానునే అచ్చుగా పెట్టి పోశావో, నీది చిన్నదైపోతుంది."

"నెల్సన్," అంది ఆమె. "పట్టకపోవడమేరా సాక్ష్యం. జేకబ్ పొయ్యినే అచ్చుగా పెట్టి పోశారు నాన్న."

"అత్తా! ఈ పేరు తప్ప మనకింకేం మిగిలింది?"

"తెలుసు. డెబ్బై ఎనిమిదేళ్లుగా దాన్నే తుడుస్తున్నాను."

కాగితం మీద తండ్రి పేరు అడ్డంగా కొట్టేసింది. తరవాత, ఆ ఇంట్లో మొదటిసారిగా, ఆ పొయ్యిలో కట్టెలు పేర్చి అగ్గిపుల్ల గీసింది. కాఫీ గిన్నె పెట్టింది.

"మీ తాత పూర్తి పేరు చెప్పు ఓర్విల్. రాసుకుంటాను."

"జేకబ్... జేకబ్ ఎమరీ యోస్ట్." అన్నాడతను. "ఈ ఇంట్లో ఆ పేరు అడిగినవాళ్లు లేరండీ."

రాస్తుంటే అక్షరాలు ఆగస్టా కళ్లకు అలుక్కుపోయాయి. నెల్సన్ చాలాసేపు కిటికీ లోంచి పొగరాని చిమ్నీల వైపు చూస్తూ నిలబడ్డాడు. కాఫీ పొంగే వేళకి వచ్చి, ఓ కుర్చీ లాగి ఓర్విల్ ముందు పెట్టాడు.