నాలుగో వార్డు అలమార

ఆదివారం పొద్దున అమ్మ టీ కప్పు కూతురి ముందు పెట్టి, మాట కలపకుండా వెళ్లి బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే వరస. అమ్మ అలిగితే గిన్నెలు చప్పుడు చేయాలి, నాన్నకు నాలుగు తిట్లు పడాలి. ఇప్పుడు గిన్నెలు కూడా నోరు మెదపడం లేదు. నాన్న పేపరు చాటున దాక్కుని, మధ్యలో నలిగిపోతున్నది తానేనన్నట్టు రెండుసార్లు దగ్గాడు.

తప్పెవరిదో కూతురికి తెలుసు. ఇంజనీరింగ్ మూడో ఏడాది ఇంటర్న్‌షిప్ అమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే దొరికింది. వార్డుల్లో సామాన్లు అయిపోకుండా, అలాగని గుట్టలు పడకుండా చూడటం కూతురికి అప్పగించిన పని. ఒక్కో వస్తువుకు రెండు డబ్బాలు పెట్టించింది. ముందు డబ్బా ఖాళీ కాగానే దాని కార్డు స్టోర్సుకు వెళ్తుంది, వాళ్లు నింపి పంపేదాకా వెనక డబ్బా నడిపిస్తుంది. స్టోర్స్ మేనేజరు భుజం తట్టాడు.

అక్కడితో ఆగిపోయినా బాగుండేది. నాలుగో వార్డులో, లెక్కలో లేని అలమార ఒకటి కంటబడింది. సూదులు, గొట్టాలు, చేతి తొడుగులు వరసగా సర్ది ఉన్నాయి. అరల మీద అంటించిన చీటీల్లో గుండ్రటి రాత అమ్మదే. చిన్నప్పుడు తన చేయి పట్టి దిద్దించిన రాత. పోల్చుకుంది, అయినా ఫోటో తీసింది. అంతకన్నా మంచి రుజువు దొరకదనిపించింది. బుధవారం మీటింగులో ఆ ఫోటో తెర మీద పడింది, కింద 'అనవసరంగా దాచిన సరుకు' అన్న పెద్దక్షరాలతో. గదంతా నవ్వింది. ఇరవై ఆరేళ్లుగా ఆ వార్డులో ఉన్న హెడ్ నర్సు, అమ్మ, మూడో వరసలో తల దించుకుని కూర్చుంది. సాయంత్రానికల్లా అలమార ఖాళీ చేయించారు.

ఇవాళ పొద్దున తొమ్మిదింటికి అమ్మ ఫోన్ మోగింది. వార్డులో సెలైన్ సూదుల డబ్బాలు రెండూ ఖాళీ. ఆదివారం స్టోర్సు మూసి ఉంటుంది. అమ్మ చేతిలోని దుప్పటి అలాగే వదిలేసి వెళ్లిపోయింది.

కూతురు లాప్‌టాప్ తెరిచి మొదటి నుంచీ చూసింది. లెక్కలో తప్పు దొరకలేదు. ఏడాది రికార్డుల్లో ఏ ఆదివారమూ కొరత లేదు, అందుకే రెండు డబ్బాలు చాలనుకుంది. కొరత ఎందుకు రాలేదో ఇప్పుడు తట్టింది. ఆదివారాలన్నీ ఆ అలమారే గట్టెక్కించింది.

మధ్యాహ్నం దాటాక అమ్మ వచ్చింది. మిగతా వార్డులన్నీ తిరిగి సూదులు అడుక్కొచ్చిందట. ఓ చంటిబిడ్డకు సెలైన్ గంట ఆలస్యమైందని, ఇప్పుడు ఫరవాలేదని నాన్నతో చెబుతోంది. కూతురు వెళ్లి ఎదురుగా నిలబడింది.

"అది నీ అలమారేనని నాకు తెలుసమ్మా. తెలిసే ఫోటో పెట్టాను."

"నా రాత నీకు తెలియకపోవడమేమిటి?"

"మరి ఒక్క మాటా అనలేదేం?"

"అనడానికేముందే. నీ పద్ధతి మంచిదే. ఆదివారానికి సూదులు చాలడం లేదని నువ్వు రాకముందే మేనేజరుకు ఎన్నిసార్లో రాశాను, జవాబు లేదు. అందుకని రోజూ కాసిని పక్కన పెట్టేదాన్ని." అమ్మ పొద్దున వదిలేసిన దుప్పటి అందుకుంది. "వాళ్లు నవ్వితే నాకేం కాలేదు. ముందు రోజు నా ఎదురుగానే కూర్చుని భోంచేశావు. ఆ అలమార ఎందుకమ్మా అని అడిగితే చెప్పేదాన్ని కదా."

కూతురికి ఏడుపు ముంచుకొచ్చింది. రేపే మళ్లీ మీటింగు పెట్టించి, తప్పు తనదని అందరి ముందూ చెబుతానంది. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ వార్డు నుంచి మార్చమని శుక్రవారమే రాసి ఇచ్చేసిందట. సంతకాలు కూడా అయిపోయాయి. ఈ సంగతి అప్పటిదాకా నాన్నకూ తెలియదు.

కూతురు నోటుపుస్తకం తెచ్చుకుని అమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. ఆదివారం ఒక్కరోజుకు ఎన్ని సూదులు పడతాయని అడిగింది. అమ్మ కళ్లు తుడుచుకుని, నలభై అంది. వానాకాలంలో అరవై అంది. చిన్నపిల్లల సూదులు వేరు, వాటిని ఇందులో కలపొద్దంది. ఏ నెలలో ఏది ముందు అయిపోతుందో వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయింది. రెండు పేజీలు నిండాయి.

"ఇదంతా ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"ఎన్నని అడిగిన మొదటి మనిషివి నువ్వే," అంది అమ్మ, కూతురి జుట్టు చెవి వెనక్కి సర్దుతూ. "రాసుకో. రేపట్నుంచి వచ్చే నర్సుకు చెప్పడానికి నేనుండను."